లాలి అవ్వ హోలీ పాట

“సారా మాట తీసెయ్యమన్నడు బిడ్డా, ఆ సారు. ముద్దు గూడ తీసెయ్యమన్నడు. రెండూ తీస్తే నా పాటల ఇంకేముంటది, చప్పట్లు దప్ప?”

లాలి అవ్వ చేటలో ఇప్పపూలు చెరుగుతూ నవ్వింది. గంగారం అడవి అంచున ఆమె తండా. నేను అక్కడికి వెళ్ళేది పాటలు వినడానికే.

ఆమె చెబుతున్నది చలికాలంలో మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, జరిగిన సర్కారు ఉత్సవం సంగతి. మనవరాలు జమునతో, తండా ఆడపిల్లలతో కలిసి హోలీ పాట పాడమని అవ్వను పిలిచారు. అందులో ఒక చరణం ఆమె సొంతంగా కట్టుకున్నది. నా భద్రు ఇప్పసారా తాగి వాగు ఒడ్డున పడుకున్నాడు, ముద్దు పెడితే తప్ప లేవడు, రండి లేపుదాం అని. అది సభ్యంగా లేదని, తాగుడును పొగిడినట్టవుతుందని ఉత్సవం చూసుకునే సారు ఆ చరణం కోసేశాడు.

“ఊకున్నవా అవ్వా?”

“ఊకున్న. మా పాట అయినంక పెద్ద తెర మీద సినిమా పాట ఏసిండ్రు. హీరో సీసా ఎత్తి తాగుతడు, పక్కపొంటి పిల్ల సగం బట్టల్ల ఎగురుతది. ఆ సారే ముందటి కుర్చీల కూసోని కాలు ఆడిస్తున్నడు. గిదేంది సారూ అంటే, కింద అక్షరాలు వస్తున్నయి గదా అవ్వా, తాగుడు పానానికి మంచిది గాదని, అన్నడు. మరి నా కాళ్ళకాడ గూడ ఒక అట్టముక్క రాసి పెట్టకపోతివా అన్న!”

నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“మా ఇంటాయన సారా కుండ పలగ్గొట్టి ఆయనను ఠాణాల కూసోపెట్టిండ్రు ఒకసారి. తర్వాత గదే రోడ్డు మీద సర్కారు పర్మిషన్‌తోటి వైన్ షాపు వచ్చింది. కుండల ఉంటే తప్పు, సీసాల ఉంటే ఒప్పు.”

భర్త భద్రును ఆమె ‘ఆయన’ అనే అంటుంది. వాళ్ళింట్లో భార్య భర్త పేరు పలకదు. పింఛను ఇచ్చేచోట అడిగినా పక్కవాళ్ళే చెప్పాలి. నలుగురితో కలిసి పాడే హోలీ పాటలో మాత్రం పలకవచ్చు, అది తండాలో ఏడాదికొకసారే. భద్రు చనిపోయాక కూడా ప్రతి హోలీకీ అవ్వ అతన్ని లేపుతూనే ఉంది. ఇది ఆ సారుకు తెలియదు. ఆమె చెప్పలేదు.

ఈ హోలీకి పిల్లలు స్టేజీ మీద నేర్చిన పాటనే తండాలో పాడారు. ఆ చరణం రావాల్సిన చోట ఆగకుండా ముందుకు వెళ్ళిపోయారు. వెనక ఒక్క గొంతు మాత్రం దాన్ని పాడింది. అది నా ఫోన్లో ఉంది. పెట్టి వినిపించాను. తన గొంతులోంచి ఆ పేరు వచ్చి వెళ్ళేదాకా అవ్వ చేట కదపలేదు.

“పొయ్యేటప్పుడు మానుకోట హాస్టల్ కాడ దిగుతవా బిడ్డా? జమునకు గిది ఇనిపియ్యి. మల్ల హోలీ దాక నేను అనరాదు. ముద్దు కాడ నవ్వుతది, నవ్వనియ్యి. నేను పోయినంక ఆయనను లేపేటోళ్ళు ఎవలున్నరు? దానికి నోటికొచ్చిందాక ఆడనే కూసో, జర.”