సుంగై సుమున్‌లో ఫ్రెంచివాడికి విస్తరి

మలేషియాలోని సైబర్‌జయలో పొద్దున్న ఏడింటికి మెట్రో ఎక్కాను. శనివారం కదా, పెట్టెలో నేనూ నా సంచీ తప్ప ఇంకెవరూ లేరు. సంచీలో ఉన్నది ఏళ్ల తరబడి నేను తెలుగులో రాస్తున్న ఒక ఫ్రెంచి రచయిత జీవితం. పందొమ్మిదో శతాబ్దం మనిషి. పేరు చెప్పను. చెప్పినా మీరు విని ఉండరు, నాకు ఒళ్లు మండుతుంది. విజయనగరం స్నేహితులకు పంపితే బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నారు. ఈసారి ఒక్కరైనా చివరిదాకా వినకపోతే మొత్తం చెరిపేద్దామని తేల్చుకునే బయల్దేరాను.

వినే మనిషిని చూసిపెట్టింది మా ఆఫీసు శాంతి. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. “మా అమ్మమ్మకి తెలుగు సదివితే చాలు లా! నాకు అర్థమవుద్ది, సదవడమే రాదు,” అంది, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ‘లా’తో సహా.

సుంగై బెసిలో రైలు మారి బస్టాండుకి చేరాను. తెలుక్ ఇంటాన్ బస్సు ఎనిమిదిన్నరకి. పక్కసీటు తమిళ పెద్దాయన “చుట్టాలింటికా?” అని అడిగాడు.

“ఈ దేశంలో నాకు చుట్టాల్లేరండీ.”

“అయ్యో పాపం,” అని ఆయన నిద్రపోయాడు. ఆ తర్వాత దారంతా పామాయిల్ తోటలూ నేనూ.

తెలుక్ ఇంటాన్‌లో ఒరిగిన గడియారం గోపురం దగ్గర రోటి చనాయ్ అనే ఇక్కడి పరోటా తిని, టాక్సీలో సుంగై సుమున్ చేరేసరికి పన్నెండు దాటింది. శాంతి అమ్మమ్మ పైడమ్మగారు ఒకప్పుడు తోటలో పనిచేసినావిడ. చాప వేసి, “సదువు బాబూ,” అంది.

చదివాను. గుమాస్తాగా మొదలైనవాడు పత్రికల్లో సీరియళ్లు రాసి పారిస్‌ని ఊపేశాడు. మోజు తీరాక అచ్చువేసేవాళ్లు తలుపు తియ్యలేదు. అద్దెగదిలో పోయాడు. శవం వెనక ఆ ఇంటి యజమానురాలు ఒక్కతే నడిచింది. చివరి కాగితం చాప మీద పెట్టాను.

“పెళ్లాం పిల్లలు నేరేటి?”

“లేరమ్మా.”

“మరి పెద్దల దినానికి ఈడికి ఎవులు పెడతన్నారు?”

“వాళ్లలో ఆ ఆచారం లేదు.”

“ఆచారం నేకపోతే ఆకలి నేదేటి? ఏటి తినీవోడు?”

“రొట్టె, కాఫీ,” అన్నాను, నోటికొచ్చినట్టు.

ఆవిడ లేచింది. దండలేసిన తమవాళ్ల ఫొటోల పక్కన అరిటాకు పరిచింది. అన్నం, చేపల పులుసు, రెండు రొట్టె ముక్కలు, గ్లాసులో నల్లకాఫీ. ఫొటో లేదు గనక నా కాగితాలే గోడకి ఆనించి సాంబ్రాణి వేసింది. చచ్చినవాళ్లు తినేటప్పుడు చూడకూడదట, తలుపు దగ్గరికేసి నన్ను వసారాలోకి తరిమింది.

కాసేపటికి ఆకు మడిచి, పాత పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టింది. “ఇది మేం తినకూడదు. ఆడి మనిసే తినాల.”

“ఆయన నాకేమీ కాడమ్మా!”

“ఏటీ కానోడి కోసం ఇన్నేళ్లు ఎవులు రాస్తారు నాయనా? మీవోడే. తిను.”

నాలుగింటి బస్సులో తిరిగొచ్చాను. ఊరు దాటగానే పొట్లం విప్పాను. రొట్టె పులుసులో నానిపోయింది. తింటుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. వెనకసీటు మలాయ్ ఆవిడ వంగి, “ఎవరైనా పోయారా?” అని అడిగింది.

“అవునండీ,” అన్నాను. “మావాడే.”