తిన్నవా బిడ్డా

జడ్చర్లలో మా మేనత్త బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. ఎవరు ఎదురైనా మోచేయి పట్టుకుని, "తిన్నవా బిడ్డా?" అని అడిగేది. జవాబు చెప్పేదాకా వదిలేది కాదు.

మామ పోయాక ఆమెకు నిద్ర కరువైంది. జిల్లా దవాఖాన డాక్టరు మాత్రలు రాసి, కౌన్సెలింగ్ కూడా ఇప్పించమన్నాడు. అది చేసేవాళ్లు మా చుట్టుపక్కల ఎక్కడా లేరు. ఎంతో వెతికితే హైదరాబాదులో ఒకమ్మాయి దొరికింది. ఆమెతో గంట మాట్లాడాలంటే అత్తకొచ్చే జీతంలో సగం పోతుంది.

అత్త సీతాఫలాల సంచి పట్టుకుని బయల్దేరింది. "ఒకరి తానికి ఉత్త చేతులతోని ఎట్ల పోతం?" అంది. ఆ అమ్మాయి గదిలోకి పోయిన గంట తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"పాపం, పొద్దటిసంది ఏం తినలేదట. పండ్లు ఒలిచి పెట్టిన."

"మరి నీ బాధ చెప్పినవా అత్తా?"

"ఉపాసమున్న పిల్లకు నా బాధలేం జెప్పాలె?"

మళ్లీ పోదామంటే, "గా పైసలతోని బియ్యమొస్తయ్" అంది. మేమూ బలవంతం చేయలేదు.

నిరుడు గుండెపోటుతో అత్త పోయింది. ఆ సంగతి చెబుదామని ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. సీతాఫలాల అత్త అనగానే ఆమె గుర్తుపట్టింది.

"ఆరోజు మీ అత్త లేవబోతుంటే, 'మీరు తిన్నారా అమ్మా?' అని అడిగాను. నా మోచేయి పట్టుకుని ఒకటే ఏడుపు. 'నన్నెవ్వరు గట్ల అడగరు బిడ్డా' అన్నారు. మళ్లీ వస్తే అక్కడి నుంచే మొదలుపెడదామనుకున్నాను."