వాకిట్లో జిల్లేడు

హైదరాబాదులో మేడలు లేస్తున్న రోజుల్లో మా తమ్ముడు అక్కడి నుంచి లాన్ గడ్డి తెచ్చి, బీదర్‌లో మా ఇంటిముందు పరిపించాడు. బోరు నీళ్లన్నీ అదే తాగేది. దానిమీద ఒక్క సీతాకోకచిలుక వాలిన పాపాన పోలేదు. బోరు ఎండాక ఆ గడ్డి పీకేసి, బగ్దల్ దారి పక్కనుంచి తంగేడు, తుమ్మి, జిల్లేడు తెచ్చి నాటాను. మరుసటి వానాకాలానికి జిల్లేడు ఆకులనిండా చారల గొంగళిపురుగులు. జిల్లేడాకు తప్ప మరోటి ముట్టవవి. వాటికోసమే పొద్దున్నే లేచేదాన్ని.

అప్పుడే మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నాం. కూటం ఎవరింట్లో ఉంటే వాళ్ల వాకిలిని చర్చి సంఘం ఆడవాళ్లు వచ్చి శుభ్రం చేయడం మాలో ఆనవాయితీ. కూటం రోజు నేను బజారునుంచి వచ్చేసరికి వాకిలి నున్నగా, ఎర్రగా ఉంది. మొక్కలన్నీ గోడపక్కన కుప్పగా పడున్నాయి.

"ఏం చేసిన్రు!" అని అరిచాను.

సంఘంలో అందరికంటే పెద్దామె చెమట తుడుచుకుంటూ నవ్వింది. "ఇంటి ముంగట జిల్లేడు మొలిస్తే ఇల్లు పాడువడ్డట్టే గద చెల్లె! ఒక్కదానివి ఏం పీకుతవని మేమే పీకేసినం."

కుప్పలో వాడిపోతున్న ఆకులను పురుగులు ఇంకా తింటూనే ఉన్నాయి. వాటిని, ఇంకా పచ్చిగా ఉన్న నాలుగాకులను గిన్నెలోకి ఏరుకుని, ఆటో ఎక్కి బగ్దల్ దారికి పోయాను. జిల్లేళ్లు ఉన్న చోటంతా చదును చేసి ప్లాట్లకు రాళ్లు పాతారు. హైదరాబాదు వాళ్లు కొన్నారట. ఎంత తిరిగినా ఒక్క జిల్లేడు కనిపించలేదు. గిన్నెతోనే తిరిగొచ్చాను.

సాయంత్రం కూటంలో ఆ పెద్దామె, "ప్రభువా, ఈ వాకిట్ల కలుపంత తీసేయించినవ్, నీకు స్తోత్రం" అని ప్రార్థించింది. అందరూ ఆమెన్ అని నావైపు చూశారు.

వంటింట్లో గిన్నె మీద మూత ఉంది. ఆకులు అయిపోయాయి. నేనూ ఆమెన్ అన్నాను.