‘సంతకం నాదే’ అన్న చిన్నాయన

మా చిన్నాయన పోయారని చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను వేలూరులో మా అంగట్లో ఏసీలకు నింపే గ్యాస్ సిలిండర్ తూకం వేస్తున్నాను. "మీ చిన్నాయన పోయినారు పాపా, రా" అన్నది. అంతే. తూకం పూర్తిచేసి, వచ్చిన మనిషిని పంపించి, అప్పుడు కూర్చుని ఏడ్చాను. ముందు బేరం, తర్వాత ఏడుపు. నేనెలాంటి మనిషినో మీకు మొదటే తెలియడం మంచిది.

చిన్నాయన గుడియాత్తంలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసేవారు. మాది లుంగీలు నేసే కుటుంబం. మగ్గం వదిలి స్క్రూడ్రైవర్ పట్టిన మొదటి మనిషి ఆయనే. పైపులో గ్యాస్ ఎక్కడ లీకవుతోందో వెతికేటప్పుడు మాత్రం నేతగాడే. పడుగులో తెగిన పోగును వెతికినట్టు, సబ్బు నురగ బ్రష్షుతో పూస్తూ అంగుళం అంగుళం చూసుకుంటూ పోయేవారు. బుడగ కనిపించేదాకా ఎవరు ఎంత తొందరపెట్టినా గ్యాస్ నింపేవారు కాదు. "ఓటి కుండలో నీళ్ళు పోస్తే ఏం లాభమప్పా, ముందు ఓటు మూయనీ" అని ఇంటివాళ్ళ మీదే కసురుకునేవారు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. రిపేరుకు పైపు విప్పేముందు పాత గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా ఖాళీ సిలిండర్‌లోకి పట్టేవారు. ఆ సిలిండర్ చల్లగా ఉంటే గ్యాస్ సులువుగా దిగుతుందని దాన్ని ఐసు ముక్కల టబ్బులో కూర్చోబెట్టేవారు. అందుకోసం పనికి పోయేటప్పుడల్లా గోనెసంచిలో ఐసు మోసుకుపోయేవారు. తోటి మెకానిక్‌లు "ఏమి మేస్త్రీ, ఎవురి పెండ్లికి సర్బత్తు?" అని ఏడిపించేవాళ్ళు. ప్రభుత్వం పెట్టిన శిక్షణ క్లాసులో నేర్చుకున్నారు ఆ పని. క్లాసు నుంచి నేరుగా మా అంగడికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నాకు చెప్పారు: "గదిని చల్లగా చేసే గ్యాసే బయటికి పోతే లోకాన్ని వేడి చేస్తాదంట పాపా. కొంజం గ్యాసు, రవ్వంత చాలంట. ఇన్నేండ్లు నేను ఎంత వదిలేసినానో!" ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూసి నాకు నవ్వొచ్చింది. ఎండాకాలంలో వేలూరు ఎలా కాలుతుందో తెలిసి కూడా నవ్వాను.

ఆ తర్వాతే అమ్మకాలకు కట్టుబాట్లు వచ్చాయి. శిక్షణ పొంది కార్డు తెచ్చుకున్న మెకానిక్‌కే గ్యాస్ అమ్మాలి. ఎవరి మిషనుకు, ఎందుకు వాడుతున్నాడో ఒక కాగితం మీద రాయించి, సంతకం తీసుకుని దాచాలి. కార్డున్న వాళ్ళలో చిన్నాయన ఒకరు. ప్రతి సిలిండర్‌కూ ఆయనే బస్సెక్కి వేలూరు వచ్చి సంతకం పెట్టి తీసుకుపోయేవారు.

నేనే అన్నాను. "ఊరికే ఎందుకు తిరుగుతావు చిన్నాయనా? ఒక కట్టకు ముందే సంతకం పెట్టిచ్చేయి. నీకు కావలసినప్పుడు నేను నింపుకుని, సరుకు ఆటోలో పంపిస్తా."

ఆయన కాగితాలు తిప్పి చూశారు. ఇంగ్లీషు ఆయనకు రాదు, తెలుగు అక్షరాలూ రావు, తమిళమే చదవగలరు. "ఖాళీ కాగితం మింద పెట్టొచ్చునా పాపా?"

"నేనేమన్నా బయటి మనిషినా?" అన్నాను.

ఆ ఒక్క మాటకు లొంగిపోయారు. బల్ల దగ్గర కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, కట్టంతా తమిళంలో గుండ్రంగా సంతకాలు పెట్టారు. చివరి కాగితం దాకా ఒక్క అక్షరమూ వంకర పోలేదు.

ఆ ఎండాకాలం వేలూరు పెద్దాసుపత్రి చుట్టుపక్కల లాడ్జీలన్నీ రోగుల చుట్టాలతో కిటకిటలాడాయి. కార్డు లేని మెకానిక్‌లు గ్యాస్ కోసం నా ముందు నిలబడి బతిమాలారు. పాపం, పని పోగొట్టుకుని క్లాసుకు ఎప్పుడు పోతారులే అనుకున్నాను. అది నేను నాకు చెప్పుకున్న కథ. నేను లేదంటే ఎదురంగడికి పోతారన్నది అసలు భయం. చిన్నాయన సంతకాలున్న కాగితాలు తీసి, నోటికొచ్చిన లాడ్జీ పేరు రాసి, గ్యాస్ ఇచ్చేశాను. పేర్ణాంబట్టు నుంచి వచ్చిన వాళ్ళకూ ఇచ్చాను. వాళ్ళెలా వాడతారో నాకు తెలియక కాదు. ఒకరోజు బాగాయంలో మా చుట్టాల మేడ మీద కళ్ళారా చూశాను. నా దగ్గర కొన్నవాడే పైపు విప్పాడు, బుస్సుమని పాత గ్యాసంతా ఆకాశంలోకి పోయింది. ఓటు వెతకనే లేదు, కొత్తది ఎక్కించేశాడు. వారానికల్లా మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు. నేను మళ్ళీ ఇచ్చాను.

తనిఖీకి వచ్చిన అధికారి ఆ కాగితాలు చూసి, గుడియాత్తంలో ఒక్క మనిషి ఇంత గ్యాస్ ఏం చేసుకున్నాడని అడిగాడు. నన్ను జీపులో ఎక్కించుకునే చిన్నాయన ఇంటికి పోయాడు. చిన్నాయన వాకిట్లో ఐసు టబ్బు దగ్గర కూర్చుని ఉన్నారు. అధికారి కాగితాలు పరిచి, ఇవన్నీ నువ్వే కొన్నావా అని తమిళంలో అడిగాడు. చిన్నాయన తడి చేతులు పంచెకు తుడుచుకుని ఒక్కొక్క కాగితమూ చూశారు. ఒకసారి తలెత్తి నన్ను చూశారు. నేను చెప్పులకేసి చూసుకున్నాను.

"సంతకం నాదే సార్" అన్నారు.

గ్యాస్ ఏం చేశావని అధికారి గుచ్చి గుచ్చి అడిగాడు. ఎంత అడిగినా అదే మాట. కార్డు రద్దయింది. అధికారి జీపు ఎక్కుతుంటే చిన్నాయన నా పక్కకు వచ్చి "టీ తాగిపో పాపా" అన్నారు. అంగట్లో ఎవరూ లేరని చెప్పి వచ్చేశాను. నా అంగడి లైసెన్సు మాత్రం పోలేదు.

కార్డు పోయాక ఆయనకు ఎవరూ గ్యాస్ అమ్మలేదు. నేనూ అమ్మలేదు, నేను మాత్రం అప్పటినుంచి కట్టుబాట్లు తుచ తప్పకుండా పాటించాను! ఆయన మళ్ళీ మగ్గాల దగ్గరికి పోయి, కూలికి నూలు చుట్టారు. ఒక పెళ్ళిలో ఎదురుపడితే "ఒళ్ళు బాగుండాదా? ఏంది ఇట్ల చిక్కిపోయినావు?" అని అడిగారు. తిట్టి ఉంటే ఆయన ఇంటికి పోగలిగేదాన్నేమో. రెండేళ్ళు ఆ వీధి తొక్కలేదు.

కర్మాంతరాల రోజు బంతిలో నా పక్కాకు దగ్గర ఒక మెకానిక్ కూర్చున్నాడు. "చేతిపని బంగారంక్కా ఆయనది. ఏం లాభం, దొంగ గ్యాసు అమ్మి పేరు చెడగొట్టుకున్నాడు" అన్నాడు. లేచి నిలబడి, ఎంగిలి చేత్తోనే, జరిగిందంతా అందరికీ చెప్పాను. చిన్నమ్మ చారు గిన్నెతో నా ముందుకు వచ్చింది. "ఇంట్లో నాకు ముందే తెలుసు పాపా. ఈ మాట ఆయన ఉండేటప్పుడు వీదిలో చెప్పుంటే, తల ఎత్తుకుని తిరిగుందురు" అన్నది. నా ఆకులో చారు పోసి పక్కాకుకు పోయింది.

మరునాడు ఆ తనిఖీ అధికారి ఆఫీసుకు పోయి అంతా రాసిచ్చాను. విచారణ చేస్తామన్నారు. నా లైసెన్సు పోవచ్చు, పోనీ. చిన్నాయన పేరు తీసేయమని అడిగితే, కొత్త జాబితా వచ్చేదాకా పాతదే ఉండాలన్నారు. జాబితా అంటే, కార్డు రద్దయిన వాళ్ళ పేర్ల కాగితం. వీళ్ళకు గ్యాస్ అమ్మరాదని అప్పట్లో మా అంగడి గోడకు నా చేతులతో నేనే అంటించాను. గుడియాత్తం అని ఊరి పేరు చూసి ఎవరక్కా ఈయన అని ఒకరిద్దరు అడిగారు కూడా. "ఎవరో, నాకు తెలీదు" అన్నాను. చిన్నాయన బతికి ఉండగానే అన్నాను.

ఇప్పుడు ఎవరూ అడగకముందే నేనే చూపిస్తున్నాను. కింది అంచు ఊడిపోయి ఫ్యాన్ గాలికి ఆ కాగితం మాటిమాటికీ పైకి లేస్తుంది. వచ్చినవాళ్ళు ఆయన పేరు సరిగ్గా చదువుకోవాలని, "ఈయన మా చిన్నాయన, తప్పు చేసింది నేను" అని నేను చెప్పడం అయ్యేదాకా, దాన్ని అరచేత్తో గోడకు అదిమి పట్టుకుంటున్నాను.