తాత ఒళ్లో డెక్క

విరుదునగర్ బస్టాండు పక్కన ఎవరో ఉలవలు ఉడికిస్తున్నారు. ఆ వాసనకు కోవిల్‌పట్టిలో తాత పెంచిన మార్వాడి గుర్రం గుర్తొచ్చి, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు మండింది.

"చెవులు చూడు పిల్లా, కొసలు రెండూ ముట్టుకొంటాయి. ఈ జాతికే ఆ అందం," అని తాత మురిసిపోయేవాడు. రోజూ సాయంత్రం "కాలు తా, తంగం" అంటూ దాని డెక్కలు ఒక్కొక్కటే ఒళ్లో పెట్టుకుని, ఇరుక్కున్న నల్లరేగడి మట్టి గీకి తీసేవాడు. నన్ను మాత్రం తంగం, అంటే బంగారం, అని ముద్దుగా పిలిచేవాడు కాదు.

ఒకరోజు ముల్లు గుచ్చుకుందని ఏడుస్తూ వెళ్లి, నా పాదం ఆయన ఒళ్లో పెట్టాను. తాత అరికాలంతా తడిమి చూశాడు. ముల్లు లేదు. అయినా వేళ్ల సందుల్లోని మట్టి తుడిచాడు.

"ఆ కాలూ తా, తంగం," అన్నాడు.

గుర్రానికి నాలుగు కాళ్లు, నాకు రెండే. అది నాకిప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.