మైలీన్ చూస్తుండగా నలిపిన అరటికాయ

ఉబాల్దినా వడ్డించిన పళ్లెం నిండుగా వెనక్కి రావడం ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ జరగలేదు. మనాబీ తీరాన, చేపల రేవును ఆనుకుని ఉన్న శిశు కేంద్రంలో ముప్ఫైమంది పిల్లలకు రోజూ మధ్యాహ్నం అన్నం పెట్టేది ఆమే. ఏ పిల్లయినా మొండికేస్తే వేరుశనగను ఇంకొంచెం దట్టంగా నూరి పులుసులో కలిపేది. పళ్లెం ఖాళీ అయ్యేది. ఆ ప్రాంతంలో ఏ కూరకైనా వేరుశనగే ప్రాణం, ఏ అలకకైనా వేరుశనగే మందు. అందుకే మే నెలలో నాలుగేళ్ల మైలీన్ వచ్చి చేరినప్పుడు ఆమె ఏమాత్రం కంగారు పడలేదు.

మైలీన్ తినేవి మూడే: ఉడికించిన పచ్చి అరటికాయను నలిపి చుట్టిన ముద్ద, పలుచటి అరటికాయ చిప్స్, పాలు. ఆటిజం ఉందని డాక్టరమ్మ చెప్పింది. మాటలు తక్కువ, చెవులు మహా చురుకు. తల్లి యెనిత్ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. మొదటిరోజే ఆమె వంటగది గుమ్మంలో నిలబడి, పెద్దావిడను దోన్యా అని మర్యాదగా పిలుస్తూనే హెచ్చరించింది.

"దోన్యా ఉబా, ముద్ద పక్కన ఇంకేమీ పెట్టకండి. పులుసు చుక్క తగిలినా ఇక ముట్టదు."

"నా చేతి వంట వద్దన్న పిల్ల ఇంకా పుట్టలేదమ్మా! నువ్వు నిశ్చింతగా పనికి వెళ్లు."

జూన్ నెల తూకంలో మైలీన్ బరువు తగ్గింది. ఆగస్టు తూకానికి పెరగకపోతే పెద్దాసుపత్రిలో చేర్చి, ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం ఎక్కించాలని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. తల దువ్వడానికే ఇల్లెగిరిపోయేలా ఏడ్చే పిల్ల, ముక్కులో గొట్టాన్ని ఎలా భరిస్తుంది? ఆ మాట చెబుతూ యెనిత్ కళ్లొత్తుకుంది.

ఉబాల్దినాకు తోచిన ఉపాయం ఆ తీరంలో ఏ వంటమనిషికైనా తోచేదే. తెల్లచేపను ముల్లు లేకుండా నూరి, ఒక చెంచా వేరుశనగ పొడి కలిపి, అరటికాయ ముద్ద నడుమ దాచి గుండ్రంగా చుట్టింది. పైకి అది ఎప్పటి ముద్దలాగే ఉంది. మైలీన్ రెండు సార్లు కొరికింది. మూడోసారి ఆగింది. నోట్లోది కక్కేసి, నాలుకను చొక్కా చేతికి రుద్దుకుంటూ గది దద్దరిల్లేలా అరిచింది. మర్నాడు ఏమీ కలపని ముద్ద పెట్టినా పళ్లెం తోసేసింది. ఆ మర్నాడూ అంతే. తినే మూడింటిలో ఒకటి పోయి రెండే మిగిలాయి.

చేసిన పని దాచకుండా తల్లికి చెప్పేసింది ఉబాల్దినా.

"చెప్పాను కదా మీకు," అంది యెనిత్. "చిలక్కి చెప్పినట్టు చెప్పాను. దానికున్నవే మూడు. ఒకటి లాగేసుకున్నారు."

"తప్పు నాదే. దిద్దుకునేదాకా నన్ను తిట్టు."

"తిడితే అది తింటుందా?"

రేవులో చేపలమ్మే పెటితకు ఈ కబురు అప్పటికే చేరింది. ఉబాల్దినా పెటిత కూతురికి జ్ఞానస్నానపు తల్లిగా నిలబడిన నాటినుంచి ఆ ఇద్దరూ ఒకరినొకరు కొమాద్రే అనే పిలుచుకుంటారు.

"ఏమే కొమాద్రే, నాలుగేళ్ల పిల్ల నీ కిరీటం ఊడబీకిందటగా!"

"ఊడబీకలేదు, కక్కేసింది. ఎందుకు కక్కిందో తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు."

ఆ 'ఎందుకు' ఆమెను వదల్లేదు. తినడం అంటే మింగడమనీ, వద్దనడం అంటే మొండితనమనీ ఇన్నాళ్లూ నమ్మింది. కాదనడానికి పిల్లకొక కారణం ఉండవచ్చని, ఆ కారణాన్ని విచారించడం పెద్దల బాధ్యత అని కేంద్రంలో ఎవరికీ తోచలేదు, ఆమెకూ తోచలేదు. ఇప్పుడు గరిట పక్కన పెట్టి, భోజనాల వేళ పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, మైలీన్‌ను ఊరికే చూడసాగింది.

మైలీన్ ప్రతి చిప్స్ ముక్కనూ ముందు వెలుతురుకెత్తి చూస్తుంది. తర్వాత చెవి దగ్గర విరుస్తుంది. ఫెళ్లుమంటే నోట్లోకి, లేకపోతే నేల మీదికి. సముద్రపు తేమకు మెత్తబడిన రోజున డబ్బా మొత్తం నేలపాలైంది. ఉబాల్దినా ఇంటికి వెళ్లి చెవుల్లో దూది పెట్టుకుని చిప్స్ నమిలింది. రుచి సగానికి సగం చచ్చిపోయింది! ఆశ్చర్యపోయి పెటిత చెవుల్లోనూ దూది కుక్కి తినిపించింది.

"ఏం తెలిసిందే?"

"నీకు పిచ్చి ముదిరిందని తెలిసింది," అంది పెటిత, దూది తీయకుండానే ఇంకో గుప్పెడు తీసుకుంటూ.

ఆ గుప్పెడు చూస్తూ ఉబాల్దినా ఆలోచనలో పడింది. చిప్స్ ముక్కలో దాచడానికి చోటు లేదు. వెలుతురుకెత్తితే అంతా కనబడుతుంది. ముద్ద అలా కాదు. దాని లోపల ఏముందో వండినవాళ్లకే తెలుసు. పిల్ల ఇన్నాళ్లూ దాన్ని తిన్నది వండినవాళ్ల మాట మీద. ఆ మాటే తను తప్పింది. అలాంటప్పుడు బతిమాలి ఏం లాభం? సాక్ష్యం చూపించాలి.

పిల్లలు వంటగదిలోకి రాకూడదని నియమం ఉంది. కాబట్టి వంటే బయటికి వచ్చింది. మర్నాటినుంచి ఉడికిన అరటికాయలు, చెక్క పళ్లెం, నలిపే చెక్క గుండు భోజనాల గదిలో నేల మీదికి చేరాయి. మైలీన్‌కు అల్లంత దూరంలో కూర్చుని, ఖాళీ చేతులు రెండు వైపులా తిప్పి చూపించి, తొక్క ఒలిచి, నలిపి, ముద్ద చుట్టేది. చుట్టినదాన్ని రెండుగా విరిచి, లోపలి భాగం పైకి కనబడేలా పెట్టి లేచి వెళ్లేది. తినమ్మా అని ఒక్కసారీ అనలేదు. ఇరవై రెండేళ్లుగా అనే మాట. దాన్ని మింగడం ఆమెకే కష్టమైంది.

మొదటి మూడు రోజులు మైలీన్ వీపు తిప్పుకుని కూర్చుంది. నాలుగో రోజు గుండు చప్పుడుకు ఇటు తిరిగింది. ఆరో రోజు దగ్గరికి వచ్చి నలిగిన అరటికాయలో వేలు గుచ్చింది, వాసన చూసింది, గౌనుకు తుడిచేసుకుంది. తొమ్మిదో రోజు ముద్దను తనే నాలుగు ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ తిప్పి తిప్పి పరీక్షించి, ఒకటి తిన్నది. ఉబాల్దినా వంటగదిలోకి పరుగెత్తి నోటికి కొంగులా తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

జూలై ముగిసేసరికి పూటకు రెండు ముద్దలు. ఆగస్టు తూకంలో నాలుగు వందల గ్రాములు పెరిగింది. గొట్టం సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదామంది డాక్టరమ్మ. యెనిత్ ఆ సాయంత్రం షెడ్డు బట్టలతోనే కేంద్రానికి వచ్చింది.

"ఇక చేప మొదలుపెడదామా దోన్యా?"

"తొందరెందుకమ్మా? ముందు ఈ కర్రపెండలం సంగతి తేలనీ. కూర్చో. మాట్లాడకు."

వారం రోజులుగా ఉబాల్దినా కర్రపెండలాన్ని కాగితమంత పలుచగా తరిగి, ఫెళ్లుమనేలా వేయించి, తన పళ్లెంలోనే పెట్టుకుని తింటోంది. మైలీన్ పళ్లెంలో మాత్రం ఒక్క ముక్కా వేయలేదు. మొదట్లో ఆ పళ్లెం బల్ల మీద కనబడగానే పిల్ల కుర్చీ దిగి వెళ్లిపోయేది. ఇప్పుడు పక్కనే కూర్చుంటోంది.

ఆ సాయంత్రం మైలీన్ చెయ్యి చాచి ఆమె పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకుంది. వెలుతురుకెత్తి చూసింది. చెవి దగ్గర విరిచింది. ఉప్పును నాలుక కొసతో తాకింది, మొహం చిట్లించింది, మళ్లీ తాకింది. యెనిత్ నోరు తెరవబోతే ఉబాల్దినా ఆమె మోకాలు గట్టిగా నొక్కింది. మైలీన్ ఆ నాకిన ముక్కను జాగ్రత్తగా ఉబాల్దినా పళ్లెంలో, తీసినచోటే తిరిగి పెట్టేసింది.

ఉబాల్దినా ఆ ఎంగిలి ముక్కను తీసి, కరకరా నమిలి, పళ్లెంలో దాని చోట ఇంకొకటి పెట్టింది.