రజియా టీచరు రాసిన అంచు

పోయిన ఆదివారం ఉదయం హిందూపురంలో నా అద్దె గది కీచుమంది. నలభై ఏళ్లనాటి కంప్యూటరుకు అచ్చుగుద్దినట్టుండే నకలు ఒకటి తెప్పించుకున్నాను. దానికి అప్పటి ప్రోగ్రాముల భాష బేసిక్‌ను నా ఫోను శబ్దంగా వినిపిస్తోంది. ఆ రోజుల్లో ప్రోగ్రాములు క్యాసెట్లలో ఇలాగే కీచుకీచుమంటూ ఉండేవి. ఇంటి ఓనరు అవ్వ తలుపు తోసుకుని వచ్చింది.

"ఏమప్పా, పిల్లి గొంతు పిసుకుతాండావా?"

"లేదవ్వా, కంప్యూటరుకు పాఠం చెప్తాండా."

"అది ఏడుస్తాండాది కదప్పా!"

ఏడవక ఏం చేస్తుంది? మూడుసార్లు సగంలోనే ఆగిపోయింది. ప్రతిసారీ బంధువుల గ్రూపు నుంచి ఒక శుభోదయం టింగుమని పడేది. ఆ టింగు కూడా పాఠమే అనుకుని పాపం అది తికమకపడేది. మా బంధువులు యంత్రాలను కూడా చెడగొట్టగలరని అప్పుడే తెలిసింది. నాలుగోసారి ఫోను నోరు కట్టేశాను. తెరమీద ఆకుపచ్చ అక్షరాల్లో 'రెడీ' అని తేలింది. గంతేశాను. గది చిన్నది, మోకాలు బల్లకు తగిలింది. కుంటుతూనే వెళ్లి రజియా టీచరు నోటుబుక్కు తీశాను.

రజియా టీచరు పెనుకొండలో మాకు లెక్కల ట్యూషను చెప్పేవారు. వయసులో ఉన్నప్పుడు పనిచేసిన బడివాళ్లు ఆవిడను కంప్యూటరు శిక్షణకు పంపారట. వెనక్కి వచ్చి ఒకే ఒక్క ప్రోగ్రాం రాసుకున్నారు. పుట్టింది ధర్మవరం మగ్గాల మధ్య కాబట్టి అది కూడా చీర అంచే. మొదటి వరుసలో ఒక చుక్క, రెండో వరుసలో రెండు, అలా తొమ్మిది దాకా పెరిగే గోపురం అంచు. దాన్ని టైపు కొట్టేలోపే బడిలో ఉన్న ఒక్క కంప్యూటరూ కాలిపోయింది. తర్వాత ఊళ్లోకి ఎన్ని కంప్యూటర్లు వచ్చినా, "నేను నేర్చుకున్న ఆ పెట్టెలోనే ఒక్కసారి నడిపి చూడాల రా" అనేవారు. కూతురి దగ్గరికి ధర్మవరం వెళ్లేటప్పుడు నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

కంప్యూటరు లేకుండా ప్రోగ్రాం ఎలా నేర్పారంటే, మేమే కంప్యూటరు. ఒక్కొక్కరం ఒక్కో లైను. లైన్లకు పది, ఇరవై, ముప్పై అని పదేసి ఎడంతో అంకెలు; నేను యాభయ్యో లైనును. "ఈ వరుసకు చాలా?" అని అడగడమే నా ఉద్యోగం. చుక్కలు లెక్కపెట్టే పెట్టె మా బాషా దోసిలి. పలకమీద చుక్క పడినప్పుడల్లా టీచరు అందులో ఒక వేరుశెనక్కాయ వేసేవారు. వరుస పూర్తయితే తర్వాతి వరుస.

"బాషా, ఇందాక మూడు వేసినా కదరా. యాడికి పోయినాయి?"

"వరస అయిపోయింది కదా టీచర్, తినేసినా."

"కంప్యూటరు తినదు రా!"

"అందుకే దానికి బలం ల్యాక కరెంటు కావాల టీచర్."

టీచరు నవ్వేసి, ఖాళీ దోసిట్లో మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు. పలకమీద గోపురం ప్రతిసారీ చక్కగా వచ్చేది.

ఆదివారం నా తెరమీద మాత్రం రాలేదు. నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు కొట్టి నడిపిస్తే వరుసకు ఒక్కటే చుక్క పడింది. ఒకదాని కింద ఒకటి, కుళాయి కారినట్టు తొమ్మిది. మూడుసార్లు సరిచూశాను, నా తప్పేం లేదు. సందేహాన్నీ పెట్టెనూ సంచిలో వేసుకుని ధర్మవరం రైలెక్కాను.

"ఏమబ్బా, మిక్సీనా?" అన్నాడు పక్కాయన.

"అట్లాంటిదే" అన్నాను.

పెనుకొండలో వేయించిన శెనక్కాయల బుట్ట ఎక్కింది. వాసన తగలగానే విషయం వెలిగింది. ప్రతి వరుసకూ లెక్కను సున్నా చేసింది బాషా పళ్లే! నోటుబుక్కులో ఆ లైనే లేదు; పాత లెక్క అలాగే మిగిలి, ఒక్క చుక్క పడగానే ప్రతి వరుసా 'చాలు' అనేస్తోంది. ఒక్క లైను నేను కలిపేస్తే ఆవిడకు ఎప్పటికీ తెలియదు. కలపనా, వద్దా? జీవితమంతా దాచుకున్న ఒకే ఒక్క ప్రోగ్రాం తప్పని ఆ వయసులో ఆవిడకు చెప్పడమా? ధర్మవరం దాకా శెనక్కాయలు తిన్నానే గానీ ఏదీ తేల్చుకోలేదు.

కూతురింటి టీవీకి పెట్టె తగిలించాను. టీచరు కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నారు.

"నేను రాసిందే కొట్టినావా?"

"అక్షరం మార్చలేదు టీచర్."

నడిపించాను. కుళాయి కారింది.

టీచరు ప్రోగ్రామును మళ్లీ తెరమీదికి రప్పించమని చెప్పి, టీవీ దగ్గరికి జరిగి, లైను లైనుకూ వేలు పెట్టి చదివారు. ఎడమ చెయ్యి దానంతటదే దోసిలిలా ముడుచుకుంది. ఉన్నట్టుండి ఆవిడ నా వీపుమీద ఒక్కటేశారు.

"ఆ బాషాగాడు తినేటోడు రా! సున్నా చేసేది నేను రాయనే ల్యా! ఇన్నేండ్లూ వాడు తిని కాపాడినాడు!"

లాటరీ తగిలినవాళ్లు కూడా అంత గట్టిగా అరవరు. అరవై ఐదో లైను కలపడానికి మీటల మీదికి వంగారు. ఆరు దొరికింది. దాని పక్కనే ఉన్న ఐదు కోసం ఆవిడ వేలు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిరుగుతోంది. నేను చెయ్యి చాపాను.

"తియ్ చెయ్యి. నీకు తొందరుంటే పోయి రైలెక్కు."

చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆ ఒక్క లైనుకు ఆవిడకు పది నిమిషాలు పట్టింది. గోపురం తొమ్మిది వరుసలూ దిగేసరికి నాకు చెయ్యి తిమ్మిరెక్కింది, ఆవిడకు కళ్లు చెమర్చాయి. తిమ్మిరి వల్ల నాకూ చెమర్చాయి.

హిందూపురంలో నేను పనిచేసే ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు కంప్యూటరు నేర్పడం నా పని. ఈ వారమంతా వాళ్లు మీట కోసం వెతుకుతుంటే పక్కనే కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకుంటున్నాను. సారుకు నడుంనొప్పి అని వాళ్లలో వాళ్లు అనుకుంటున్నారట. అనుకోనీ.